పది కిలోమీటర్ల దగ్గర

"తొమ్మిది వేల డాలర్లు. ఒక్క సెంటు తగ్గను"
అంది ఈనిడ్ ట్రెవాస్కిస్
కోర్యాంగ్‌లో తన షెడ్డు తలుపును భుజంతో నెడుతూ.
లోపల నారింజ రంగు చిట్టి ట్రాక్టరు.
ముందు బొచ్చె, వెనక గడ్డికోత యంత్రం,
సీటు మీద దిండు,
దిండులో పిల్లి పడుకున్న గుంట.
మీ ఆయనదా, అని అడిగాను.
"నాది. ఆయనకు గుర్రాలంటేనే ఇష్టం."

నేను టలంగాటా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసేదాన్ని.
ఎనిమిది ఎకరాల ముళ్ళపొదలు కొన్నాను,
అద్దెకు ట్రైలరు తెచ్చాను,
నైలాన్ పట్టీలు రెండు తెచ్చాను.
ఆమె పట్టీల్ని చూసింది.
నన్ను చూసింది.
"ఇవి పరుపులు కట్టుకోవడానికి" అని
గొలుసులు తెచ్చింది.
ఒక్కోటీ నా చేతిలో పడుతుంటే
భుజం కీలు పలికింది.

చదును నేల. చక్రాల కింద దుంగలు.
"నీ వెనక ఎవరూ ఉండకూడదు, నేనైనా సరే."
నడుముకు బెల్టు పెట్టుకుని, చిన్న గేరులో
ఇనప వాలు మీదుగా ఎక్కించాను,
గుండె మాత్రం పెద్ద గేరులో.

ఎక్కాక అసలు పాఠం.
"బరువు వెనక్కి పోతే ట్రైలరు తోక ఊపుతుంది.
తోక ఊపిందా, ఇక కారు నీది కాదు.
మరీ ముందుకొస్తే కారు మోకాళ్ళ మీద కూలబడుతుంది."
ఇది నాకు తెలుసు, అన్నాను.
నిజంగానే తెలుసు.
కందుకూరులో మా మేనమామ
పొగాకు బండికి బరువెత్తాక
కాడి కింద అరచెయ్యి పెట్టి తూచేవాడు.
ముందు బరువైతే ఎడ్ల మెడలు కుంగుతాయి,
వెనక బరువైతే కాడి పైకి లేచి
పలుపు గొంతుకు ఉరి.
ఎద్దుకు నోరు లేదు, నా అరచేతికుంది, అనేవాడు.
ఇదంతా ఈనిడ్‌కి చెప్పాను
ఎద్దుల మాటలు రాని ఇంగ్లీషులో.
ఆమె ఏమీ అనలేదు.
ట్రాక్టరును ఇంకో జానెడు ముందుకు జరపమంది.

"రేకుకు కట్టకు. చక్రాలు తిప్పే కడ్డీకి కట్టకు.
అది దేనివల్ల నిలబడిందో దానికి కట్టు."
నా భాషలో చెప్పాలంటే
ఎముకకు కట్టాలి, చర్మానికి కాదు.
టార్చి వేసి బోర్లా పడుకుని వెతికాను,
రోజూ తెర మీద వెతికినట్టే,
రంగు కింద, గ్రీజు కింద
చట్రం ఎక్కడుందని.
నాలుగు మూలలకు నాలుగు గొలుసులు
ఒకదాన్నొకటి నమ్మనట్టు
ఎదురెదురుగా లాగుతూ.
బొచ్చె దించి దానికి ఐదోది.
వెనక యంత్రానికి ఆరోది,
షెడ్డులో మళ్ళీ వెతికి.
బ్రేకు వేశావా? వేశాను.
తాళంచెవి? జేబులో.
దిండు మాత్రం ఆమె తీసుకుంది. పిల్లిదట.

"పది కిలోమీటర్లకు ఆగు" అంది.
"ముందు అన్నీ సర్దుకుంటాయి.
సర్దుకున్నాకే వదులవుతాయి."

కొలాక్ కొలాక్, ఒకే పేరు రెండుసార్లు పెట్టుకున్న ఊరు.
రోడ్డు పక్కకి తీశాను.
చుట్టూ తిరిగి ఒక్కో గొలుసునూ చేత్తో తట్టాను.
మూడు గట్టిగా మోగాయి.
ముందు ఎడమది మోగలేదు.
వేలు దూరేంత వదులు.
టిక్. టిక్.
రెండు పళ్ళు బిగించేసరికి
వెనక ఒక తెల్ల బండి వచ్చి ఆగింది.

దిగలేదు. అద్దం దించింది.
స్టీరింగు కింద ఇంటి చెప్పులు.
"ఆగావే" అంది.
ఆగమన్నారుగా.
"చాలామంది సరేనంటారు."
కాసేపు గొలుసుల వంక చూసి
"ముందు ఎడమదా?"
అవును.
"అది ఎప్పుడూ అంతే."
బండి తిప్పుకుని
ఎనభై దాటకుండా వెళ్ళిపోయింది.

మిగతా దారి పొడవునా
అద్దంలో నారింజ రంగు కదల్లేదు.
టలంగాటాలో దించాక లెక్కపెట్టాను.
ఆరు గొలుసులు. అన్నీ ఆమెవే.
తిరిగి తెచ్చిమ్మని ఆమె అనలేదు.
ఎప్పుడు తేవాలని నేనూ అడగలేదు.