మీసం లేని దొంగ

సొరుగు లాగితే కలరా ఉండల వాసన.
ఒక సూది, సూదికి ఒక ఈగ,
ఈగ కింద గోరంత చీటీ:
"దక్షిణ గోబి. ఎండిన వాగు. సాక్సౌల్ పొద.
మధ్యాహ్నం. గాలి."
పట్టినవాడి పేరు దగ్గర మాత్రం
పెన్సిలు గీత ఎవరి వేలి కిందో నలిగి చెరిగిపోయింది.

దులమ్‌సురేన్ మైక్రోస్కోపు మీదికి వంగింది.
బయట ఉలాన్‌బాతర్‌లో మైనస్ ఇరవై ఎనిమిది.
బొగ్గుపొగ కిటికీ అద్దానికి ముఖం ఆనించి చూస్తోంది.

దొంగ ఈగల వంశమే, అనుమానం లేదు.
రెండు పెద్ద కళ్ల నడుమ నెత్తి గుంటపడింది,
ఆ గుంటలో మళ్లీ మూడు చిన్న కళ్లు.
కాళ్లనిండా ముళ్లు. పొట్టి బాకులాంటి ముక్కు.
ఎగిరేదాన్ని ఎగురుతుండగానే పట్టి
మెడ వెనక పొడిచి
లోపలిదంతా నీరు చేసి తాగే జాతి.

మరి మీసమేదీ?
ఈ దొంగలందరికీ ముఖాన గుబురు మీసం ఉంటుంది.
రోషానికి కాదు, నిమ్మకాయలు నిలబెట్టడానికీ కాదు.
దొరికింది చచ్చేముందు తన్నుకుంటుందే
ఆ తన్నులు కంట్లో పడకుండా.

యాభై ఏళ్లు పెట్టెలో ఉంది కదా, రాలిందేమో అనుకుంది.
రాలితే కుదుళ్లుండాలి,
వెంట్రుక వెంట్రుకకీ ఒక చిన్న గుంట.
దీపం అటు తిప్పింది, ఇటు తిప్పింది.
వాగులో దొర్లిన గులకరాయిలా నున్నటి ముఖం.
రాలలేదు. అసలు మొలవనేలేదు.

మూడు వారాలు పట్టింది.
పొట్ట కొస కత్తిరించి గోరువెచ్చటి క్షారంలో నానేసింది
(చచ్చిన యాభై ఏళ్లకి మగతనం రుజువు చేసుకోవలసిన ఖర్మ!).
రెక్కలో ఈనెలు లెక్కపెట్టింది.
నాలుగోది అంచుదాకా వెళ్లి
ఇంట్లో ఏదో మరిచినవాడిలా వెనక్కి మళ్లింది.
ప్రాగ్ నుంచి జవాబు: మా దగ్గర లేదు.
కేప్‌టౌన్ నుంచి జవాబు: మా దగ్గరా లేదు.
ఉన్న ఏ గూటిలోనూ ఇమడదు. కొత్త ప్రజాతి.

పాత యాత్ర చిట్టాలు తిరగేసింది:
డీజిలు, గొర్రెమాంసం, పిండి, డ్రైవరు.
డ్రైవరు పేరు నెర్‌గుయ్.

నగరం పైన కొండవాలు మీద, గుడారాల వాడలో
ఎనభై ఒక్కేళ్ల మనిషి.
ఆమె వస్తోందని పతకం తగిలించుకున్నాడు,
నున్నగా గీసుకున్నాడు, పైపెదవి మీద చిన్న గాటు.
ఉప్పువేసిన పాలటీ పోసి చెప్పాడు:
"ట్రక్కు స్ప్రింగు విరిగింది. మూడు రోజులు.
నీడంటే ట్రక్కు కిందే.
చదువుకున్నవాళ్లంతా పేకాట. నాకు రాదు.
టోపీతో పట్టాను. చేతికి చిక్కే రకం కాదమ్మా అది.
కాళ్లలో ఇంకో ఈగ ఉండింది.
వదిలేస్తే తప్పించుకునేదే."
కాసేపాగి, "వదల్లేదు."
ఇంకాసేపాగి, "ఆ రెండోదాన్ని పారేశాను. తప్పా?"
దులమ్‌సురేన్ టీ ఊదుకుంది.

ఆయనకి ముందు ముగ్గురు పుట్టి పోయారట.
మనవైపు పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అన్నట్టే
ఆ తల్లి బిడ్డకి నెర్‌గుయ్ అని పెట్టింది.
నెర్‌గుయ్ అంటే పేరు లేదని.
చావు గుమ్మంలోకి వచ్చి ఎవరదీ అంటే
పేరు లేదు అనే జవాబు విని
పొరపాటున వచ్చాననుకుని పోవాలని.

ఆ రాత్రి ఆమె రాసింది:
నెర్‌గుయా, కొత్త ప్రజాతి.
ముఖం నున్నన. మీసం లేదు.
మగది: ఒకటి.
ఆడది: తెలియదు.
గుడ్లు, పురుగు దశ: తెలియవు.
ఆహారం: ఒక ఈగ. ఏ ఈగో తెలియదు.

వసంతంలో, దుమ్ముగాలులు మొదలయ్యాక
సంపాదకుడి దగ్గర్నించి ఉత్తరం.
అంతా బాగుంది, బొమ్మలు మరీ బాగున్నాయి.
ఒక్క సందేహం:
"ప్రజాతి నామానికి అర్థం అన్నచోట
'పేరు లేదు' అని ఉంది.
నింపడం మరిచినట్టున్నారు."

ఆమె కెటిల్ పొయ్యి మీద పెట్టి వచ్చి
ఒక్క ముక్క జవాబు రాసింది:
నిండే ఉంది.