మొటిమలు

అరవై రెండేళ్లకి
ముఖం నిండా ఈ మొటిమలేమిటే షూచిన్,
అని మంచుగడ్డలమ్మే ముసలాయన పరాచికమాడితే
చిప్పలోంచి కత్తి తీయకుండానే నవ్వావు.
"మందు పనిచేస్తోందట.
ఎంత ఎర్రగా పొక్కితే అంత మంచిదట."

తొంగ్‌షీ రేవులో ముప్పై ఏళ్లుగా మన పీటలు పక్కపక్కనే.
ఒక్క సిగరెట్టు ముట్టినదానివి కావు,
మీ ఆయనా కాల్చడు.
అయినా ఎడమ ఊపిరితిత్తిలో లిచీ గింజంత మొదలై
వెన్నుపూస దాకా పాకింది.

మా చెల్లెలికి ఎక్కించిన మందు నాకు తెలుసు.
సన్నకన్ను వల అది,
చేపతో పాటు పిల్లనీ గుడ్డునీ నాచునీ ఊడ్చుకొచ్చింది.
ముందు జుట్టు పోయింది, తర్వాత నాలుక మీద రుచి,
తర్వాత చెల్లెలు.
అందుకే నీకు రోజుకొక్క మాత్రే అంటే
నేను నమ్మలేదు.

చియాయీ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బొమ్మ గీశాడట,
కణం ఒక తాళం, మాత్ర దాని చెవి.
నువ్వు తల అడ్డంగా ఊపావట.
"చిప్పకి తాళమెక్కడిది బాబూ,
కీలు ఎక్కడుందో తెలియాలి, అంతే."
ఆయన కాసేపు ఆలోచించి
గీసింది కొట్టేశాడట.

గోళ్ల అంచులు చీముపట్టి
కత్తి పట్టలేని రోజుల్లో
నీ బుట్టలో సగం నా బుట్టలోకి ఒంపుకున్నాను.
లెక్క నీ పేరునే రాయించాను.
చూశావు. ఏమీ అనలేదు.

నాలుగో నెల ఫొటోలో మచ్చ వెతికితేగాని దొరకలేదు.
ఆ సాయంత్రం బండి దగ్గర నిలబడి
మనం ఒలిచిన కండనే
డబ్బిచ్చి అట్టు వేయించుకుని తిన్నాం.
ఉప్పెక్కువైందన్నావు.
అయినా నా పళ్లెంలోదీ తిన్నావు.

పదిహేడో నెలకి నీ ముఖం తేటపడింది.
దానికీ దీనికీ సంబంధం లేదన్నాడు డాక్టరు.
కానీ మచ్చ మళ్లీ లేచింది.
కణం కీలు మార్చుకుందేమో చూడాలట.
నీ రక్తం చిన్న సీసాలో తైపే వెళ్లింది.
మార్పు ఫలానాదైతే ఇంకో మాత్ర ఉందట,
కాకపోతే
అని ఆగాడాయన. నువ్వు అడగలేదు.

పది రోజులు పడుతుందన్నారు. ఇవాళ ఆరోది.
చెక్కపెట్టె మీది అద్దంముక్కలో
నువ్వు చెంపలు తడుముకోవడం చూస్తూనే ఉన్నాను.
గడ్డం కింద ఒక ఎర్రటి చుక్క.
దోమ కుట్టిందేమో.
నేను అననులే.

బుట్ట ఇటు జరుపు.
ఆటుపోటు మళ్లకముందే
ఇంకో బండి వస్తుంది.