కొసరు

ఎండ ప్రాణహితను సగం తాగేసిన నెలలో
నాగపూర్ నుంచి ఎర్రబస్సులో సిరొంచలో దిగాను,
ముప్పై మూడు సార్లు కరెంటు పెట్టించుకుని.
గొంతులో అంటుకున్న తునికాకు కల్లం
ఇంకా ఆరలేదు.

ఇరవై ఆరేళ్లు కల్లేదారుని.
డెబ్భై ఆకులకు ఒక కట్ట,
నూరు కట్టలకు ఐదు కొసరు.
ఆ కొసరుకు ఏ చిట్టాలోనూ గడి లేదు.
నేను కాల్చిన బీడీలన్నీ అందులోవే అయ్యుంటాయి.

రోహిణి ఫోనులో చదివి వినిపించింది:
నీలం పండ్లలో ఏదో ఉందట,
రాచపుండు మీదికి కత్తి దూస్తుందట.
సీతాబర్డీలో కొన్న ప్లాస్టిక్ డబ్బా
మూడువందల యాభై.
లెక్కపెట్టాను. నలభై ఒకటి.
నా నాలుకకు అవీ ఒకటే, గోడసున్నమూ ఒకటే.

డాక్టర్ చింతలవార్‌ని అడిగింది పిల్ల.
(ఇంటిపేరులో మన ఊరు మిగిలింది ఆయనకు, మాట మిగల్లేదు.)
మరాఠీలో అన్నాడు:
"గాజుగిన్నెలో కణాల మీద పనిచేసినట్టే ఉంది.
మీ నాన్న గాజుగిన్నె కాదు గదా.
పుండు ఆరాక తిననీ, మంచిదే.
వచ్చే తారీఖు మాత్రం తప్పొద్దు."

ఆరుద్ర కార్తెలో, తడిసిన చీరతో,
అసరెల్లి అవతలి నుంచి వచ్చింది రైనీ ఆత్రం.
తడి ఉందని, చిల్లులున్నాయని
ఈమె కట్టల్నే ఎన్నిసార్లు పక్కకు విసిరానో.
చిన్న వెదురుబుట్ట నిండా అల్లనేరేడు పండ్లు.

"మెత్తనివే ఏరిన. మింగగలవా?"
గింజ తీసి, గుజ్జు చెంచాకెత్తి పెట్టింది.
వేళ్లు మా కల్లం ముద్ర సిరాలా ఊదా.

మొదట ఏమీ లేదు.
తర్వాత, నాలుక ఎడమ అంచున, ఒక్కచోట,
వగరు.
పట్టుకుంది. వదల్లేదు.
రెండు నెలలుగా తాళం వేసిన ఇంట్లోకి
దొడ్డిదారిన వచ్చిన చుట్టం.
తీపి ఆ రోజు రాలేదు, ఇప్పటికీ సరిగ్గా రాలేదు.
ఏడ్చావు నాన్నా అంటుంది రోహిణి.
మంటకు, అన్నాను.

ఇది మందో కాదో నాకు తెలియదు.
వచ్చే సోమవారం బస్సుకు డబ్బులు విడిగా పెట్టుకున్నాను.
మిగతా పండ్లు ముందేసుకుని
తిన్నవాటి గింజలతో కలిపి లెక్కపెట్టాను,
చేతులకు వచ్చిన పని అదొక్కటే:
నూట ఐదు.

రైనీ కొంగు పిండుకుంటూ
నా ముఖం వంక చూడకుండానే అంది:
"నూరుకు ఐదు కొసరు. నీ లెక్కే గద."

గడప దాటాక వెనక్కి తిరిగి,
"బుట్ట మాత్రం మళ్లీ పంపు."