కాకిబంగారం

పొగతోటలో మూడో అంతస్తు.
లిఫ్టు పనిచేయని శుక్రవారం.
సైదాపురం నుంచి తొలి బస్సుకొచ్చిన చెంగమ్మ
మెట్ల మలుపుల్లో రెండుసార్లు కూలబడి
నా బల్ల మీదికి చేరేసరికి పదకొండున్నర.

ఛాతీ మీద ఆరు, కాళ్ళకూ చేతులకూ నాలుగు.
జెల్లు తగిలి "అబ్బ, మంచుగెడ్డ" అనింది.
మణికట్టుకు క్లిప్పు వదులు.
అరచేతి గీతల్లో తళుకేమైనా మిగిలుందా అని చూశాను.
లేదు. గనులు మూతబడి ఎన్నేళ్ళో.

కాగితం బయటికొచ్చింది.
ప్రతి ఎత్తుకూ ముందుండాల్సిన చిన్న గుట్ట కనపడలేదు,
దాని చోట చెరువు మీద తుంపర పడినట్టు ఒకటే వణుకు.
ఎత్తుకూ ఎత్తుకూ మధ్య
మూడు గళ్ళు, ఐదు,
మళ్ళీ రెండు.

డాక్టరు కుర్రవాడు, ఓపికుంది.
"గుండె పైగదుల్లో కణానికీ కణానికీ నడుమ
సన్నటి తలుపులుంటాయమ్మా,
కరెంటు వాటి గుండానే పోవాలి.
నీకు కొన్ని మూసుకుపోయాయి,
కొన్ని ఉండాల్సిన చోటొదిలి పక్కగోడలకు జరిగాయి.
కబురు నేరుగా పోలేక
సందులు పట్టుకుని నింపాదిగా తిరిగి తిరిగి
బయల్దేరిన వాకిలికే వస్తుంది.
అప్పటికి ఆ ఇల్లు కునుకు తీసి లేచుంటుంది.
ఇంక మళ్ళీ అదే దోవ."

చెంగమ్మ ఫాను వంక చూస్తూ పడుకుంది.
"అంటే నడాన కాకిబంగారం పడిందా?"

ఆయనకు తెలీలేదు. మాది రాపూరు పక్క,
నాకు తెలిసింది. అభ్రకం.
ఇస్త్రీపెట్టెలో తీగకూ ఇనుముకూ మధ్య
కరెంటును అవతలికి పోనీని రేకు.

"పదేళ్ళప్పుడు కత్తి పట్టినా.
షెడ్డులో నలభై మందిమి,
ఒకరి మోకాలు ఒకరికి తగిలేట్టు కూచునేది.
మొదటామె దిమ్మె చీల్చి పక్కామెకిచ్చేది,
ఆమె అంచు కోసి ఆ పక్కకు.
ఎవతైనా పిచ్చిపాట ఎత్తుకుంటే
మోకాలితో ఒక్క పొడుపు, గమ్మునయ్యేది.
తరవాత పోలమ్మత్త పోయింది,
దగ్గొచ్చి సుందరమ్మ మానేసింది.
నడాన ఖాళీ పీటలు.
ఇంగ ఎవురికి పుట్టిన పాట వాళ్ళది.
ఆపుదామంటే మోకాలు అందదు."

డాక్టరు పెన్నుకు మూత పెట్టాడు.
తొమ్మిదేళ్ళుగా ఈ గీతలు తీస్తున్నాను.
దారి తప్పిన కణం ఒకటి అరిస్తే
కలిసున్న ఇరుగుపొరుగే ఆ అరుపును పీల్చేసుకుంటుందనీ,
వాళ్ళు ఎడమైన రోజు
అదే పెద్దరికం చేస్తుందనీ
పరీక్షకు చదివి, రాసి, మరిచిపోయాను.

రెండు మాత్రలు. రక్తం గడ్డకట్టకుండా ఒకటి,
వేగం తగ్గడానికి ఒకటి.
"తలుపులు తెరిచే మాత్ర లేదా అబ్బయా?"
"వెతుకుతున్నారమ్మా."
"మేమూ అంతే. రేపు పెద్ద దిమ్మె పడుద్దని
తవ్వతానే ఉండేది."

చీర సర్దుకుని, నా చేతిలో కాగితం లాక్కుని
కిటికీ దగ్గరికి పోయింది.
రెండు వేళ్ళతో అంచు పట్టి, ఒక కన్ను మూసి,
ఎండకు ఎదురుగా ఎత్తి
ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది.

"మచ్చలుండాయి. రెండో రకం."

మడత పెట్టలేదు. చుట్టి కొంగులో దోపుకుంది.
మెట్ల మొదట్లో ఆగి, గోడ పట్టుకుని,
నాతోనో, తనతోనో
"రెండో రకం గూడా ఓడెక్కి సీమకు పోయేది లే" అనింది.