ఇరవై రూపాయల రశీదు

పదారేండ్లుగా ఇదే సంచి.
జిప్పు రెండుసార్లు మార్పించినాను.
దాని మీద బ్యాంకు పేరు మాత్రం
ఈ ఆషాఢంలోనే, నేనే,
బ్లేడు పెట్టి గీకేసినాను.

పొద్దుటూరు గదా ఇది.
ఇక్కడ బడి ఎగ్గొట్టిన పిల్లోడు గూడా
ఉంగరం బండ మీద పడిన చప్పుడు విని
అందులో రాగి ఎంతో చెప్పేస్తాడు.
అట్లాంటి ఊర్లో
మా స్ట్రాంగ్ రూములో, నూటా పద్నాలుగు సంచుల్లో,
తొమ్మిది నెలలు
రోల్డుగోల్డు పడుకోనుండాది,
లక్క సీలు చెక్కు చెదరకుండా,
సంతకాలు రెండూ సక్కంగా.

గీసి చూసినోడు అప్రైజరు.
చూసి సంతకం పెట్టినోడు మేనేజరు.
చూడకుండా పెట్టినోడు పైన ఇంకొకడు.
వాని పైన ఎవరో పేపరోల్లకు గూడా తెలీదు.

హైదరాబాదు నుంచి రెండు కార్లు వచ్చిన దినం
అటెండరు మస్తానయ్య
అలవాటు కొద్దీ టీలు తెప్పిచ్చినాడు.
ఎవరూ తాగలేదు.
చల్లారిన పదకొండు టీలు
ఆయనే బేసిన్లో పోసి, గ్లాసులు కడిగినాడు.

ఆ రాత్రి టీవీలో మా బోర్డు.
దాని పక్కనే ఇంకో బ్యాంకు, మాకంటే పెద్దది,
కట్టని ఫ్యాక్టరీకి వేల కోట్లిచ్చిందంట.
"అయితే మీవోల్లు చిన్న దొంగలే"
అనింది మా ఆడామె, అన్నం పెడతా.
నవ్వొచ్చింది.
ఆ నవ్వు యాడ పెట్టుకోవల్లో తెలీలేదు.

మర్నాడు మైదుకూరు రోడ్డు.
ఓబులేసన్నా అని కేకేసే బట్టలంగడి నాగభూషణం
నన్ను చూసి ఫోను చెవికి పెట్టుకున్నాడు.
అందులో ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు.
సైకిల్ షాపు బాబ్జాన్ యాభై ఇచ్చి
ఆ యాభైని ఫోటో తీసుకున్నాడు,
నా చేతిలో ఉండంగానే.
"తప్పుగా అనుకోవద్దన్నా."
లేదప్పా, అన్నాను.
అనుకున్నాను.

శివాలయం సెంటరు దాటినాక సందులో
దస్తగిరమ్మ ఉగ్గాని బండి.
ఆ నూటా పద్నాలుగులో ఆమె కమ్మలూ ఉండాయి.
పెట్టినప్పుడు తొమ్మిది గ్రాములు.
తీసినప్పుడూ తొమ్మిది గ్రాములే.
కాగితంలో ఏ తప్పూ లేదు.
ఇప్పుడు చెవుల బొక్కలు పూడకుండా
వేపపుల్లలు గుచ్చుకోనుంది.

మూడు దినాలు ఆ సందు తప్పిచ్చుకొని
చుట్టు తిరిగినాను.
నాలుగో దినం ఆమే అరిచింది.
"ఏమయ్యా, నా దుడ్లు నీకు బరువైనాయా?"

నూనె చేత్తో రెండు పదులు చాపింది.
నేను బుక్కు తీయలేదు.
అమ్మా, బ్యాంకు సంగతి తెలుసు గదా, అన్నాను.
"ఒక్కసారే పొయినా ఆ లోపలికి,
చెవులు ఒలిపిచ్చుకొని వస్తి.
ఇది నీకిస్తాండా. బ్యాంకుకు గాదు.
నీ మొకం జూసి."

బజ్జీ సట్టిలో చుర్రుమంది ఏదో.

పదారేండ్లు నేను
బ్యాంకు మొకం తగిలిచ్చుకొని తిరిగినాను.
ఇప్పుడది
నా మొకం తగిలిచ్చుకొని తిరుగుతాంది.

రశీదు రాసినాను.
అంకెల్లో, అక్షరాల్లో గూడా.
కార్బను కింద పడిందో లేదో
రెండుసార్లు ఎత్తి చూసినాను.
ఆమె చూడలేదు. అటుకెల్లి
ఎవరికో పొడికారం చల్లుతాంది.

ఐదింటికి కౌంటరు.
కొత్త మేనేజరు. గోడకు కొత్త పోస్టరు,
"మీ నమ్మకమే" అని.
మిగతాది బీరువా అడ్డమొచ్చి కనపడదు.
సంచి బోర్లిచ్చి అన్నీ లెక్కిచ్చి ఇచ్చినాను.
ఆ రెండు పదులు మాత్రం
అంగీ జేబులోనే ఉండాయి,
నూనె గుడ్డకు దిగి చిన్న మరక.

క్యాషియరు పాప బుక్కు చూసింది,
నోట్లు చూసింది, మళ్లీ బుక్కు చూసింది.

"ఓబులేసన్నా, ఇరవై తక్కువొస్తాంది."