రెండు చుక్కలు

న్యూకాజిల్ రేవులో, బొగ్గు దుమ్ము
ఉప్పుగాలితో కలిసి కిటికీలకు కాటుక పెట్టే వీధిలో
మేడ మీద రెండు గదులు.
కింద తాళ్ళూ లంగర్లూ అమ్మే కొట్టు.
పైన అమెరికా.

అలా అనేవారు లూషియస్ హేవర్‌క్యాంప్ గారు,
కాన్సల్, ఒహాయో మనిషి,
ఆయాసపడుతూ పైకొచ్చినవాళ్ళతో:
"ఇరవై రెండు మెట్లు. పసిఫిక్ దాటేశారు, కూర్చోండి."
నవ్వేవాళ్ళు తక్కువ.
నేను నవ్వేదాన్ని. వారానికి పాతిక షిల్లింగులు,
నవ్వు కూడా అందులోనే అనుకునేదాన్ని మొదట్లో.

ఆయన అడిగింది పారిస్.
అందుకోసం ఫ్రెంచి నేర్చారట, ఓడలో కూడా వల్లె వేశారట.
వాషింగ్టన్‌లో ఎవరిదో
పటం మీద వేలు జారినట్టుంది.
వచ్చిన ఏడాదే బదిలీకి రాసుకున్నారు.
ఉత్తరం పోవడానికి ఆరు వారాలు, రావడానికి ఆరు.
జవాబొచ్చింది:
గడిచిన మూడు నెలల్లో సిరా ఖర్చు పెరిగింది, సంజాయిషీ ఇవ్వండి.

సంజాయిషీ రాయడానికి మళ్ళీ సిరా.

ఉన్నిమూటల ఇన్వాయిసుల మీద ముద్రలు.
తాగి ఓడ తప్పిపోయినవాడికి బూట్లు.
కెప్టెన్ కొట్టాడని ఒకడు, కొట్టలేదని కెప్టెన్,
మధ్యన బల్ల మీద బైబిలు.

చచ్చిపోయినవాళ్ళ సంగతి వేరు.
ఒక ఆగస్టులో, కలప ఓడ తెరచాప కొయ్య మీంచి
పందొమ్మిదేళ్ళ పిల్లవాడు పడ్డాడు.
కాన్సల్ వాడి పెట్టె తెరవాలి, జాబితా రాయాలి,
వేలం వేసి డబ్బు ఇంటికి పంపాలి.
ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని:
కత్తి ఒకటి. చొక్కాలు మూడు, ఒకటి ఇంకా తడి.
మౌతార్గన్, ఒక రంధ్రం పూడిపోయినది.
అక్కడ ఆగి, పిన్నీసుతో పొడిచి, ఊది చూశారు.
"పూడిందని కొట్టేయండి, మిస్ ట్రెగోనింగ్."

వేలం పాడింది ఆయనొక్కరే.
ప్రతిసారీ అంతే, సొంత జేబులోంచి.
సరుకూ డబ్బూ రెండూ తల్లికే చేరేవి;
లెక్కల్లో ఆ సంగతి వెతికినా దొరకదు.
ఉత్తరం మాత్రం నాలుగుసార్లు తిరగరాసేవారు.
"బాధ తెలియకుండా పోయాడు" అని రాసి,
"మీరు చూశారా? నేనూ చూడలేదు" అని కొట్టేసి,
"ఆ రోజు ఎండ కాసింది" అని రాశారు.
అది నిజం.

పన్నెండులో వాళ్ళ దేశానికి రెండు కొత్త రాష్ట్రాలు కలిశాయి.
మా జెండాకి నలభై ఆరు చుక్కలే.
కొత్తది పంపమని రాశారు. సిరా సంగతి తెలిసిందే కదా.
జూలై నాలుగు ముంచుకొస్తోంది, మాకది ఎముకలు కొరికే చలికాలం.
మా అమ్మ పెళ్ళినాటి దిండుగలీబు కత్తిరించి
ఏడేసి చుక్కలున్న రెండు వరుసల చివర
చెరొకటి కుట్టాను.
వంకర పోయాయి. నా కుట్టు మొదటినుంచీ అంతే.
ఆయన చాలాసేపు చూశారు.
"ఇందులో న్యూ మెక్సికో ఏది?"
"మీ ఇష్టమండీ."

పంతొమ్మిదిలో ఆ జ్వరం వచ్చింది.
వద్దన్నా ముక్కుకి గుడ్డ కట్టుకుని ఓడలెక్కారు,
లోపల మనవాళ్ళున్నారంటూ.
తొమ్మిది రోజులు.
సిడ్నీ నుంచి మనిషి రావడం ఆలస్యమైతే
ఆ ఫారం నేనే తీశాను. అదే ఫారం.
కోట్లు రెండు, ఒకదానికి మోచేతి దగ్గర మాసిక.
ఫ్రెంచి వ్యాకరణం: నలభయ్యో పేజీ దాకా నలిగింది,
తర్వాతి పేజీలు విడదీయనే లేదు.
తల్లుల దగ్గర్నుంచి ఉత్తరాలు పదకొండు.
ఒకావిడ అడిగింది,
ఎండ కాసిందన్నారు, ఉదయమా, సాయంత్రమా?
వెనకాలే ఆయన జవాబు నకలు, ఒకే మాట:
ఉదయం.

వేలానికి ముగ్గురొచ్చారు. కోట్లు పోయాయి.
వ్యాకరణం మాత్రం నేను పోనివ్వలేదు,
షిల్లింగున్నర దాకా పాడాను.

కొత్త కాన్సల్ కుర్రవాడు, మెట్లు లెక్కపెట్టలేదు.
బీరువాలో పాత జెండా విప్పి, వెలుగుకి పట్టి,
"ఈ రెండు చుక్కలూ వంకరగా ఉన్నాయేం?" అన్నాడు.

ఈ రేవులో గాలి ఎక్కువండీ, అన్నాను.