పద్దెనిమిది మైళ్ల పూచీ

రన్‌వే చివర, ఫ్యోర్డు నీళ్ల వైపు,
ఎర్రరంగు వేసిన పద్నాలుగు యాంటెన్నాలు.
వాటి మీద మంచు దులపడం నా పని.
చీపురు ఆఫీసుది. చేతి తొడుగులు మా ఆయనవి,
నాకు రెండు వేళ్లంత వదులు.

ఇక్కణ్ణించి గాల్లోకి వెళ్లేది తాడేమీ కాదు,
ఎంత లాగినా తెగకుండా ఉండడానికి.
మాట లాంటిది. దూరం పోయేకొద్దీ పలచబడుతుంది.
కొండకు తగిలిందా, పుకారు.

మిగతా చోట్ల పాతిక మైళ్లు ఇస్తారట.
మాకు చుట్టూ కొండలు, అందుకని పద్దెనిమిది,
అదీ నడిమి గీతకు పది డిగ్రీల లోపే.
పక్కలకు జరిగితే పది మైళ్లు.
దిగే వాలు చెప్పేది మరీ మితభాషి,
పది దాటితే దాని ఊసే వద్దు.

ఆ అవతల సూది చచ్చిపోతే బాగుండును.
చావదు.
చెవుల్లో గుర్తింపు చుక్కలూ గీతలూ మోగుతూనే ఉంటాయి,
ఎర్రజెండా లేవదు,
సూది నడిమధ్యకొచ్చి బుద్ధిగా కూచుంటుంది
పాఠం చదవకుండా చేయెత్తిన పిల్లాడిలా.

జనవరిలో, మందుల పెట్టెలతో వస్తూ
ఐవిన్ హెల్లెలాండ్
ఇరవై ఆరు మైళ్ల నుంచే "దొరికింది" అన్నాడు.
టవర్‌లో బోర్గిల్డ్ కాఫీ కప్పు దించి,
"ఏం దొరికింది? నువ్వింకా మా మేరలోకే రాలేదు" అంది.
రేడియోలో కాసేపు గరగర.
ఎత్తు దిగలేదు అతను. అదొక్కటే చేశాడు.
పందొమ్మిది దగ్గర సూది
ఏమీ ఎరగనట్టు ఎడమ గోడకు జారింది.
అంతసేపూ అతని ముక్కు కొండ వైపే ఉందట.

దిగాక, ఇంజన్ చల్లారకముందే,
మంచులో నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.
ఏమీ అనలేదు.
చీపురు అడిగి తీసుకుని
ఎడమ చివరి మూడు యాంటెన్నాలూ దులిపాడు,
అప్పటికే నేను దులిపేసినవి.

ఏప్రిల్లో తనిఖీ విమానం వచ్చి
రెండు రోజులు ఇటూ అటూ తిరిగి
ఒక కాగితం ఇచ్చింది:
ఎడమ వైపు ఇరవై డిగ్రీలు దాటాక వాడరాదు.
ఇంకాస్త తగ్గింది మా పూచీ.
పై ఆఫీసులో ఎవరో నొచ్చుకున్నారు.
నేను తొడుగు విప్పి సంతకం పెట్టాను,
పెన్ను గడ్డకట్టింది, నోటితో ఊది
మళ్లీ పెట్టాను.